పాలపుంతలో నీటి వంతు

సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మా యూనియన్ సాంస్కృతిక కార్యదర్శి హాస్టల్ గదికి మూడుసార్లు వచ్చిపోయాడు. "కవిత ఐతే అరపేజీ చాలు, ఎవరూ ఏమీ అడగరు" అని దారి కూడా చూపించాడు. నాకు కవిత్వం రాదు. నా గదిలో ఉన్న ఇద్దరూ కవులే కాబట్టి సంచికకు ఆ లోటు ఎలాగూ ఉండదు. నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండు. ఒకటి, మా ఊరి పెద్దచెరువు కింద మా రెండెకరాల పొలం. రెండోది, మూడో సంవత్సరం సెమినార్‌లో యాభైమంది ముందు నోరు పెగలక నిలబడిన సంగతి. ఈ రెండింటికీ సంబంధం ఉందని మొన్నటి శివరాత్రి దాకా నాకూ తెలియదు.

ముందు సెమినార్ సంగతి చెప్తాను.

తలా ఒక విషయం ఎంచుకొమ్మన్నప్పుడు అందరూ లేజర్లనీ, సెమీకండక్టర్లనీ తెలివిగా తీసుకున్నారు. నేను ఒక ఫోటో చూసి మోసపోయాను. అది ఎన్‌జిసి 1097 అనే గెలాక్సీ ఫోటో. దక్షిణ ఆకాశంలో కొలిమి అనే పేరున్న చిన్న నక్షత్రమండలంలో ఉంది. 1790లో విలియం హెర్షెల్ చూశాడు. మనకు సుమారు నాలుగున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరం. మధ్యలో ఒక పొడుగాటి వెలుగు పట్టీ, దాని రెండు కొసల నుంచి రెండు చేతులు, పట్టీకి సరిగ్గా నడిమధ్యన ఒక ఉంగరం. ఆ ఉంగరం అడ్డంగా ఐదు వేల కాంతి సంవత్సరాలు ఉంటుంది. ఉంగరం నిండా అప్పుడే పుట్టిన నక్షత్రాలు, పొయ్యిలో నిప్పుకణికల్లాగా. గెలాక్సీ అంత పెద్దది కదా, కొత్త నక్షత్రాలన్నీ అక్కడే ఎందుకు గుమిగూడాయి? ఇదే నా సెమినార్ విషయం: గెలాక్సీ ఆకారానికీ, దాని నడిబొడ్డున నక్షత్రాలు పుట్టడానికీ సంబంధం ఏమిటి?

సెమినార్ రోజు బోర్డు మీద బొమ్మ చక్కగానే వేశాను. "కేంద్రంలో గురుత్వాకర్షణ ఎక్కువ కాబట్టి వాయువు అక్కడికి పడిపోతుంది, వాయువు పోగైన చోట నక్షత్రాలు పుడతాయి" అని గట్టిగా చెప్పి, చప్పట్ల కోసం కాసేపు ఆగాను కూడా.

మా సారు చివరి బెంచీలో కూర్చుని ఉన్నారు. "అంతేనా? మరి సూర్యుడు ఎందుకు పడలేదయ్యా?" అన్నారు.

సూర్యుడు పాలపుంత కేంద్రానికి ఇరవై ఆరు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. సెకనుకు రెండు వందల ఇరవై కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతూ, ఇరవై రెండు ఇరవై మూడు కోట్ల సంవత్సరాలకు ఒక చుట్టు చుట్టి వస్తాడు. నాలుగు వందల అరవై కోట్ల సంవత్సరాల నుంచి ఇదే పని. పడలేదు. ఎందుకు పడలేదో ఇంటర్ పుస్తకంలోనే ఉంది: కోణీయ ద్రవ్యవేగం. ఆ మాట నాలుక కొసన ఉంది గాని బయటికి రాలేదు. "కూర్చో. మళ్ళీ చెబుదువుగాని" అన్నారు సారు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం మెస్సుకు పోలేదు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పిన వాణ్ణి నేను. రాయి గిర్రున తిరుగుతుంది. తాడు చేతిలోనే ఉంది, గుంజుతూనే ఉన్నాం, కానీ రాయి చేతి దగ్గరికి రాదు. తిరిగే వస్తువు లోపలికి రావాలంటే తన తిరుగుడును ఎవరికో ఒకరికి అప్పగించి రావాలి. గెలాక్సీలో వాయువు కూడా అంతే. గుండ్రటి దారిలో తిరిగే వాయువును కేంద్రం ఎంత లాగినా అది తిరుగుతూనే ఉంటుంది. దాని తిరుగుడు తీసుకునేవాడు ఎవడో ఉండాలి. అసలు ప్రశ్న అదీ. నేను దాన్ని దాటేసి జవాబు చెప్పాను.

ఇక్కడ ఆ పట్టీ సంగతి చెప్పాలి. ఎడ్విన్ హబుల్ 1926లో గెలాక్సీలను ఆకారాన్ని బట్టి విడగొట్టినప్పుడు సర్పిల గెలాక్సీలను రెండు పాయలు చేశాడు. మధ్యలో ఉత్త గుండ్రటి ఉబ్బు ఉన్నవి ఒక పాయ, ఉబ్బుకు అడ్డంగా పట్టీ ఉన్నవి ఇంకొక పాయ. ఇంగ్లీషులో దాన్ని బార్ అంటారు. మన పుస్తకాల్లో దండం అన్నారు. నాకైతే అది మా ఇంటి దూలంలాగా కనిపించింది, కాబట్టి దూలమనే అంటాను, పండితులు మన్నించాలి. దూలం ఉన్నవి అరుదైనవేమీ కావు. ధూళిని దాటి చూపే పరారుణ కాంతిలో చూస్తే మన చుట్టుపక్కల సర్పిల గెలాక్సీల్లో దాదాపు మూడింట రెండు వంతులకు ఏదో ఒక దూలం ఉంది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో పదకొండు వందల కోట్ల సంవత్సరాల కిందటి గెలాక్సీలో కూడా దూలం కనిపించింది.

మన పాలపుంతకూ ఉంది. మనం అందులోనే ఉన్నాం కాబట్టి, ఇంట్లో కూర్చుని ఇంటి ఆకారం చూడలేనట్టు, చాలాకాలం తెలియలేదు. వాయువు నడకను బట్టి ఇక్కడ దూలం ఉండాలని 1964లోనే ద వకూలర్ అన్నాడు. 1990ల్లో కోబే ఉపగ్రహం పరారుణంలో చూసిన తర్వాతనే అందరూ ఒప్పుకున్నారు.

ఇంతవరకు పుస్తకాల్లో దొరికింది. దూలం ఉంటే వాయువు లోపలికి పోతుందని కూడా దొరికింది. ఎలా పోతుందన్నది చదివాను, సమీకరణాలు కూడా దించుకున్నాను. కానీ నమ్మకం కుదరలేదు. అంతలో శివరాత్రికి ఇంటికి రమ్మని బాపు ఫోను చేయించాడు. అన్న పట్నంలో పని దొరికి పోయాడు, రాత్రిపూట నీళ్ళ వంతుకు తోడు కావాలి.

మా ఊరి పెద్దచెరువు పేరుకు పెద్దదే గాని రామప్ప, పాకాల వంటిది కాదు. రెండు తూములు, ఒక మత్తడి. యాసంగిలో చెరువు సగానికి వచ్చాక ఊరంతా కూర్చుని తైబందీ చేసుకుంటారు. ఎవరు ఎంత నాటు పెట్టాలి, ఎవరి వంతు ఎప్పుడు అని. తరువాత అంతా నీరటాయన మాట. ఆయన చేతిలో గడియారం ఉండదు, చుక్కలను చూసి చెప్పేవాడని అంటారు. ఇప్పుడైతే సెల్‌ఫోను ఉంది. మా పొలం పెద్దతూము కాలువ కొసన. కొస అంటే ఏమిటో కొసన ఉన్నవాళ్ళకే తెలుసు. తూము దగ్గర మోకాటి లోతు పారే నీళ్ళు మా దగ్గరికి వచ్చేసరికి పాదం తడిపితే గొప్ప. మా కంటె కొసన ఇంకొక మడి ఉంది. అది బాపుకు వదిన వరసయ్యే ఆమెది, నాకు పెద్దమ్మ. పెదనాయన పోయాక ఆ అరెకరం ఆమె ఒక్కతే చేసుకుంటుంది. మా మడి దగ్గర కాలువ రెండుగా చీలుతుంది. ఒకటి మాకు, ఒకటి ఆమెకు.

ఆ రాత్రి పన్నెండింటి నుంచి మూడింటి దాకా పెద్దమ్మ వంతు. తరువాత మాది. పెద్దమ్మ గుడి దగ్గర జాగారంలో ఉంది. ఒంటిగంటకే బాపు నన్ను లేపి బయలుదేరదీశాడు. చీలిక దగ్గర కాలువలోకి దిగి, ఒడ్డున ఉన్న ఒక చపటా రాయిని తీసి నీళ్ళల్లో పెట్టాడు. అడ్డంగా కాదు. ఏటవాలుగా. రెండు గడ్డపెల్లలు దాని సందున కుక్కాడు. నీళ్ళు ఆగలేదు. చప్పుడు కూడా మారలేదు. కానీ సగం నీళ్ళు మా వైపు తిరిగాయి.

"బాపూ, గిది పెద్దమ్మ వంతు కదా?" అన్నాను.

"టార్చి సక్కగ వట్టు" అన్నాడు బాపు.

ఇంకొకరి గట్టు మీది గడ్డి కోస్తే చెయ్యి విరగ్గొడతానన్న మనిషి ఆయన. నేను టార్చి చక్కగానే పట్టుకున్నాను. మా మడి తడుస్తున్నంతసేపూ గట్టు మీద కూర్చున్నాం. ఇద్దరం మాట్లాడలేదు. చెయ్యడానికి ఏమీ లేదు కాబట్టి నీళ్ళనే చూశాను. ఆ రాయి నీళ్ళను తోసింది కాదు, గుంజింది కాదు. వస్తున్న నీళ్ళను వాటి ఉరుకుతోనే పక్కకు వంచింది, అంతే. వంచుతూనే ఉంది, గంట, రెండు గంటలు. నాలుగింటికి ఆగ్నేయం దిక్కున వృశ్చికం పైకి వచ్చింది, దాని కింద ధనుస్సు. పాలపుంత కేంద్రం ఆ దిక్కుననే ఉంది. శివరాత్రి కాబట్టి వెన్నెల లేదు, బాగా కనిపించింది. నాకు సెమినార్ గుర్తుకొచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. ఏ సంగతికి సిగ్గుపడ్డానో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ణి.

దూలం పని ఇలా ఉంటుంది. దూలం అంటే గట్టి కర్ర కాదు. కొన్ని వందల కోట్ల ముసలి నక్షత్రాల దారులన్నీ ఒకే దిక్కుకు కోలగా సాగితే మనకు దూలంలాగా కనిపిస్తుంది. ఆ ఆకారం మొత్తం కూడా మెల్లగా తిరుగుతుంది. పాలపుంతలో అయితే ఒక చుట్టుకు పదిహేను కోట్ల సంవత్సరాలకు పైమాటే. దూలం ఉన్న చోట వాయువు దానికంటె వేగంగా తిరుగుతుంది, అంటే వెనక నుంచి వచ్చి దూలాన్ని దాటిపోవాలని చూస్తుంది. నక్షత్రాలు ఒకదాని దారిని ఒకటి కోసుకుంటూ పోయినా ఢీకొనవు, వాటి మధ్య అంత ఖాళీ ఉంది. వాయుమేఘాలకు ఆ సౌకర్యం లేదు. దారులు ఇరుకైన చోట ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, నలుగుతాయి, దూలానికి ముందరి అంచున సన్నటి గీతగా పోగవుతాయి. ఫోటోల్లో దూలం పొడుగునా కనిపించే నల్లటి ధూళి గీతలు ఇవే.

ఇప్పుడు ఏమయిందంటే, వాయువు ముందు, దూలం బరువు వెనక. ముందున్నదాన్ని వెనక ఉన్నది తన వైపు లాగుతుంది. అంటే వాయువుకు అది వెనక్కి గుంజడమే. చుట్టు చుట్టుకూ కొంచెం కొంచెంగా వాయువు తన తిరుగుడును దూలానికి అప్పగిస్తుంది. అప్పగించినంత మేరకు లోపలికి జారుతుంది. సారు అడిగిన "ఎవడు తీసుకున్నాడు?" అనే ప్రశ్నకు జవాబు ఇదీ. కేంద్రం లాగుడు ఎప్పుడూ ఉన్నదే, కొత్తగా వచ్చింది ఆకారం. గుండ్రటి గెలాక్సీలో ముందూ వెనకా లేదు కాబట్టి ఈ గుంజుడూ లేదు.

పోలికను మరీ సాగదీయకూడదు. మా కాలువ నీళ్ళకు పల్లం ఉంది, అవి పల్లానికే పారుతాయి. రాయి పెట్టకపోయినా ఏదో ఒక మడికి చేరతాయి. గెలాక్సీలో వాయువుకు పల్లం ఉండి కూడా లేనట్టే, తిరుగుడు పోతే తప్ప ఆ పల్లం దానికి అందదు. ఈ తేడాను నేను రెండోసారి సెమినార్‌లో ముందే చెప్పుకున్నాను, సారు మళ్ళీ పట్టుకోకుండా.

లోపలికి జారిన వాయువు సూటిగా కేంద్రంలో పడదు. కొంత దూరం పోయాక దూలం పట్టు సడలుతుంది, వాయువుకు మళ్ళీ గుండ్రటి దారులు దొరుకుతాయి. అక్కడ ఆగి ఉంగరం కడుతుంది. చుట్టూ గట్టు కట్టిన మడిలాగా అక్కడ వాయువు నిలుస్తుంది, చిక్కబడుతుంది, నక్షత్రాలు పుడతాయి. ఎన్‌జిసి 1097లో నేను చూసి మోసపోయిన ఉంగరం అదే. ఆ ఉంగరంలో నక్షత్రాలు ఎక్కడ పుడతాయన్న దానిపై శాస్త్రజ్ఞుల్లో ఒక ముచ్చటైన వాదం ఉంది. మంగలంలో పేలాలు పేలినట్టు ఎక్కడపడితే అక్కడ పుడతాయని కొందరు. ధూళి గీతలు ఉంగరాన్ని తాకే రెండు చోట్ల పుట్టి, తిరుగుతూ తిరుగుతూ వయసు పెరుగుతూ, దండలో పూసల్లాగా వరసగా కనిపిస్తాయని ఇంకొందరు. కొన్ని గెలాక్సీలు వీళ్ళ మాట నిలబెడతాయి, కొన్ని వాళ్ళ మాట.

ఇది ఒక్క గెలాక్సీ కథే అయితే నేను కూడా నమ్మేవాణ్ణి కాదు. 1999లో జపాన్‌లోని నోబెయామా, అమెరికాలోని ఓవెన్స్ వ్యాలీ రేడియో టెలిస్కోపులతో ఇరవై సర్పిల గెలాక్సీలను కొలిచి చూశారు. దూలం ఉన్నవాటిలో కేంద్రం దగ్గర అణువాయువు ఎక్కువగా పోగుపడి ఉంది, లేనివాటిలో అంత లేదు. ఎం 74 అనే గెలాక్సీని తీసుకోండి. చేతులు చక్కగా చుట్టుకుని ఉంటాయి, చెప్పుకోదగ్గ దూలం లేదు. 2022లో జేమ్స్ వెబ్ దాన్ని చూసినప్పుడు నడిమధ్యన వాయువు పెద్దగా అడ్డు లేక, అక్కడి నక్షత్రగుచ్ఛం తేటగా కనిపించింది. అక్కడ కొలిమి వెలగడం లేదు. చేతులు ఎంత అందంగా ఉంటే ఏం లాభం, నీళ్ళు మధ్యకు రాలేదు.

మరునాడు ఇంటి దగ్గర ఈ ఫోటోలన్నీ ఫోనులో చెల్లెకు చూపిస్తుంటే మా బాపమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఎన్‌జిసి 1300 బొమ్మ వచ్చింది. దూలం ఉన్న గెలాక్సీ అంటే పుస్తకాల వాళ్ళు ముందుగా వేసే బొమ్మ అదే, ఆరేడు కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దూలం రెండు కొసల్లో ఎర్రటి చుక్కలు, అంటే నక్షత్రాలు పుడుతున్న చోట్లు. చేతుల పొడుగునా అవే. దూలం మీద మాత్రం దాదాపు ఖాళీ, నల్లటి గీతలు తప్ప. వాయువు పారేదే ఆ దారిన కదా, మరి అక్కడెందుకు పుట్టవు అని నేను చెల్లెతో పెద్దగా ఆలోచిస్తున్నట్టు అన్నాను. నిజానికి నాకు జవాబు తెలుసు, పెద్దరికం కోసం అన్నాను.

"కాలువల పంట పండుతదారా పిచ్చోడా?" అన్నది బాపమ్మ.

పుస్తకంలో ఉన్నదీ అదే. దూలం వెంట వాయువు ఉరుకుతూ పోతుంది. పక్కపక్కన ఉన్న పాయలు వేరువేరు వేగాలతో పోవడం వల్ల మేఘాలు చిరుగుతాయి, నలుగుతాయి. తన బరువుకు తాను ముడుచుకుని నక్షత్రం కావడానికి మేఘానికి కుదురు కావాలి. ఆ కుదురు దారిలో దొరకదు.

సరే, మన పాలపుంత సంగతి ఏమిటి? దూలం ఉంది. వాయువు లోపలికి వస్తోంది, లెక్కల్లో తేడాలున్నా ఏడాదికి సుమారు ఒక సూర్యుడంత అనుకోవచ్చు. కేంద్రం చుట్టూ వెయ్యి కాంతి సంవత్సరాల లోపు మూడు నుంచి ఐదు కోట్ల సూర్యుళ్ళంత చిక్కటి వాయువు చేరి ఉంది. గెలాక్సీలో ఇంకెక్కడా అంత చిక్కటి వాయువు అంత రాశిగా లేదు. మరి నక్షత్రాలు గుంపులు గుంపులుగా పుట్టాలి కదా? పుట్టడం లేదు. ధనుస్సు బి2 అనే మేఘం ఒకటి మాత్రం జోరుగా పనిచేస్తోంది. మొత్తం మీద ఏడాదికి సూర్యుడిలో పదోవంతు బరువు నక్షత్రాలు పుడితే గొప్ప. ఉన్న వాయువును బట్టి లెక్క వేస్తే రావలసిన దాంట్లో ఇది సుమారు పదోవంతు. అంటే నీళ్ళున్నాయి, పంట లేదు. నా రెండో సెమినార్‌కు ఇదే గుదిబండ అయి కూర్చుంది.

ఆ సాయంత్రం గట్టు మీద బాపుకు చెప్పాను. ఆయనకు గెలాక్సీ అంటే తెలియదు. "పైన ఒక పెద్ద ఆయకట్టు ఉందనుకో బాపూ" అని మొదలుపెట్టాను. శ్రద్ధగానే విన్నాడు. రాత్రి జరిగినదాని తరువాత మా ఇద్దరికీ ఏదో ఒకటి మాట్లాడుకోవాలని ఉంది, ఆ సంగతి తప్ప.

"తూము మూతి కాడి మడిల ఎప్పుడన్న నాటు నిలిచిందారా?" అన్నాడు. "నీళ్ళకు తక్కువా? ఉరుకుడుకు నారు లేచిపోతది. నీళ్ళు నిలువాలె కొడుకా, నిలిచినంకనే వేరు దిగుతది."

నేను లేచి నిలబడ్డాను. అక్కడి వాయువు మామూలు మేఘాల కంటె వేడిగా ఉంటుంది, లోపల్లోపల సుడులు తిరుగుతూ కల్లోలంగా ఉంటుంది, అందువల్ల ముడుచుకోలేదు. శాస్త్రజ్ఞులు చెప్పే ముఖ్యమైన కారణం ఇదే. వచ్చిన వాయువులో కొంత ఎగజిమ్మబడి పైకి పోతుంది. కొంత చేరి చేరి, ఎప్పుడో ఒకసారి ఒక్క పెట్టున నక్షత్రాలవుతుంది. అంటే పంట వాయిదా పడిందేమో గాని పోలేదు. ఆకారం నీళ్ళను తెస్తుంది. పండించడం దాని చేతిలో లేదు. నా మొదటి సెమినార్‌లో ఉన్న తప్పు ఒక్కటి కాదు, రెండు: వాయువు దానంతట అది వస్తుందనుకున్నాను, వస్తే చాలు పుడతాయనుకున్నాను.

ఇంకొక సంగతి ఉంది. సెమినార్‌లో దాన్ని రెండు వాక్యాల్లో దాటేశాను. కేంద్రానికి చేరిన వాయువు ఎక్కడి నుంచో వచ్చిందే. దూలం ఊడ్చిన మేర, కేంద్రపు ఉంగరానికీ దూలం కొసలకూ మధ్య, చాలా గెలాక్సీల్లో ఒక ఎడారి మిగులుతుంది. అక్కడ కొత్త నక్షత్రాలు ఉండవు, ఉన్నవి ముసలివే. ఇంగ్లీషులో కూడా ఎడారి అనే అంటారు. దూలం బలంగా ఉన్న సర్పిల గెలాక్సీల్లో చాలావాటికి వాయువు తక్కువ, రంగు ఎరుపు, అంటే కొత్త పుట్టుకలు సన్నగిల్లినవి. దూలమే అలా చేసిందా, వాయువు తగ్గిన చోటనే దూలం తేలికగా లేస్తుందా అన్నది ఇంకా తెగలేదు.

పెద్దమ్మ మడి ఉగాదికి ముందే కొస గట్టు వెంట ఎండడం మొదలుపెట్టింది. వరి పొట్ట మీద ఉంది. చెరువు కూడా అడుగంటింది కాబట్టి ఆ ఒక్క రాత్రి వల్లనే ఎండిందని చెప్పలేను. వల్ల కాదని కూడా చెప్పలేను. అరెకరంలో పావు వంతు గడ్డికి కోసి ఎడ్లకు వేసింది. మళ్ళీ ఇంటికి పోయినప్పుడు చూస్తే చీలిక దగ్గర ఆ చపటా రాయి లేదు. చివరి రెండు తడులకు బాపు మా వంతులో సగం ఆమె మడికి వదిలాడని చెల్లె చెప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదట. "మరిదికి నా మీద ఎంత పాయిరం" అని పెద్దమ్మ ఊరంతా చెప్పుకుందట. బాపు ఆ మాట వచ్చినప్పుడల్లా బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోతున్నాడట.

రెండో సెమినార్ బాగానే జరిగింది. ఒడిసెల, కాలువ, తూము మూతి, అన్నీ చెప్పాను. పేలాల దగ్గర క్లాసు నవ్వింది. సారు ఈసారి మూడు ప్రశ్నలు అడిగారు, రెండింటికి చెప్పాను. మూడోది, "దూలం తీసుకున్న కోణీయ ద్రవ్యవేగాన్ని దూలం ఏం చేస్తుంది?" అన్నది. తెలియదన్నాను. "అదీ మాట. తెలియదని అంత వేగంగా చెప్పగలిగితే ఎమ్మెస్సీకి పనికొస్తావు" అన్నారు. ఎమ్మెస్సీ సంగతి ఇంట్లో ఇంకా మాట్లాడలేదు. అన్న పంపే డబ్బులు బోరు వెయ్యడానికా, నా ఫీజుకా అన్నది తేలాలి. బోరు వేస్తే మేము కొస రైతులం కాకుండా పోతాం. పెద్దమ్మ మాత్రం కొసనే ఉంటుంది.

కాలువ కథ సెమినార్‌లో చెప్పినప్పుడు, "ఎవరో ఒక రైతు ఏటవాలుగా రాయి పెట్టాడనుకోండి" అన్నాను. ఎవరని ఎవరూ అడగలేదు. ఇక్కడే మొదటిసారి వ్రాస్తున్నాను. బాపుకు చదువు రాదు. కాలేజీలో నా పేరు అచ్చయిందంటే సంచికను చేతులారా పట్టుకుని చూస్తాడు, తరువాత చెల్లెను కూర్చోబెట్టి మొదటి నుంచి చదివించుకుంటాడు. పెద్దమ్మ కూడా వచ్చి గడపలో కూర్చుంటుంది, ఇలాంటివి ఆమె వదులుకోదు. ఆ రాత్రి సంగతి ఉన్న పేజీ మడత పెట్టి, అక్కడ దాటెయ్యమని చెల్లెకు చెప్పాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. సంచిక అచ్చుకు పోవడానికి ఇంకా పది రోజులు ఉందని కార్యదర్శి అంటున్నాడు.